చిక్కు వెంట్రుకల నుంచి చికెన్ దాణా దాకా

మా నాయనమ్మ తల దువ్వుకున్నాక దువ్వెనకు చిక్కుకున్న వెంట్రుకల్ని పారేసేది కాదు. వేలికి చుట్టి ఉండ చేసి వంటింటి చూరులో దోపేది. నెల తిరిగేసరికి చూరు పొడవునా నల్లటి ఉండలు వరసగా కనిపించేవి. ఏదో ఒక మధ్యాహ్నం వీధిలోంచి "చిక్కు వెంట్రుకలు కొంటాం" అని కేక వినపడేది. సైకిలు వెనక గంప కట్టుకొచ్చినాయనకి ఆ ఉండలన్నీ ఇస్తే, నాయనమ్మకు పిన్నీసులు, నాకో బూర వచ్చేవి. ఈ వెంట్రుకలతో ఏం చేసుకుంటాడని అడిగితే "సవరాలు అల్లుతార్రా" అనేది.

ఆ మాట సగమే నిజమని తెలియడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. పొడుగు జుట్టు సవరాలకీ విగ్గులకీ పోతుంది. తిరుమల కల్యాణకట్టలో భక్తులు సమర్పించే తలనీలాలను దేవస్థానం పొడవును బట్టి రకాలుగా వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది. మూరెడు జుట్టుకున్న గిరాకీ వేరు. మరి అంగుళం, రెండంగుళాల తుక్కు సంగతేమిటి? దాంతో ఏ జడా అల్లలేరు. అలాంటి పొట్టి జుట్టులో కొంత ఆమ్లపు కాగుల్లోకి వెళుతుంది. గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో గంటల తరబడి ఉడికాక వెంట్రుక వెంట్రుకలా మిగలదు, నల్లటి చారులా మారుతుంది. ఆ చారులోని రంగును బొగ్గుపొడితో లాగేసి, పులుపును విరిచేస్తే అడుగున తెల్లటి పలుకులు పేరుకుంటాయి. జంటగా అతుక్కుని ఉన్న సిస్టీన్ అది. కరెంటు పంపి ఆ జంటను విడదీస్తే ఒంటి సిస్టీన్ చేతికొస్తుంది. వెంట్రుక బరువులో పదో వంతుకు పైగా ఉండేది ఇదే. జుట్టు కాలినప్పుడు ముక్కుపుటాలు అదిరే ఆ కంపు దీనిలోని గంధకానిదే.

సిస్టీన్ ఒక అమైనో ఆమ్లం. మన ఒంట్లో, కోడి ఒంట్లో, కందిపప్పులో, పాలల్లో ఉన్న మాంసకృత్తులన్నీ ఇలాంటి 20 అమైనో ఆమ్లాలను దండలా గుచ్చినవే. వాటిలో తొమ్మిదింటిని మన శరీరం సొంతంగా తయారు చేసుకోలేదు, తిండిలోంచే రావాలి. వీటిని ఒక్కొక్కటిగా, శుద్ధంగా, టన్నుల లెక్కన తయారుచేసే పరిశ్రమ ఒకటుందని చాలామందికి తెలియదు. దాని సరుకు మాత్రం దాదాపు ప్రతి ఇంట్లోకీ ఏదో దారిన చేరుతోంది.

సిస్టీన్‌నే తీసుకోండి. గోధుమపిండిని సాగేలా పట్టి ఉంచే జిగురు పోగుల మధ్య గంధకపు ముడులుంటాయి. కాస్తంత సిస్టీన్ వాటిని సడలిస్తుంది. పెద్ద బేకరీల్లో పిండి త్వరగా లొంగడానికి దీన్ని కలుపుతారు. పారాసిటమాల్ మోతాదు మించి మింగి, కాలేయం దెబ్బతినబోతున్న మనిషికి ఎక్కించే విరుగుడు ఎసిటైల్‌సిస్టీన్ దీని నుంచి పుట్టిందే. గుండెల్లో పట్టేసిన కఫాన్ని పలచన చేయడానికి నీళ్లలో బుస్సుమని కరిగించి తాగే బిళ్లలోనూ ఉండేది అదే.

మనిషి వెంట్రుకల నుంచి తీసిన సిస్టీన్‌ను ఆహారంలో కలపకూడదని ఐరోపా సమాఖ్య నిబంధన పెట్టింది. బాతు ఈకల నుంచి తీస్తారు కొందరు. జర్మనీకి చెందిన వాకర్ కంపెనీ ఈ శతాబ్దం మొదట్లో ఇంకో దారి పట్టింది. మన పేగుల్లో ఉండే ఈకొలై బ్యాక్టీరియా తరహా సూక్ష్మజీవిని మార్చి, దానికి చక్కెర పెట్టి సిస్టీన్ చేయించింది. పాత పద్ధతిలో ఒక కిలో తీయడానికి 27 కిలోల హైడ్రోక్లోరిక్ ఆమ్లం కావలసివస్తే, తమ పద్ధతిలో ఒక్క కిలో చాలునన్నది ఆ సంస్థ చెప్పే లెక్క.

వెంట్రుకదైనా, ఈకదైనా, బ్యాక్టీరియాదైనా శుద్ధి చేశాక సిస్టీన్ ఒక్కటే. దాన్ని ఏ పరీక్షనాళికలో వేసినా పుట్టిల్లు చెప్పదు. అయితే అది వచ్చిన దారి మాత్రం ఎక్కడో ఒకచోట గుర్తు వదిలే వస్తుంది. నదిలోనో, గాలిలోనో, ఒక్కోసారి మందుబిళ్లలోనో. ఈ పరిశ్రమను గురించి చదువుతున్నకొద్దీ నా మనసు ఆ దారుల మీదే నిలిచింది.

ఆరు రుచులకూ అందని రుచి

సాయంత్రం నూడుల్స్ బండి దగ్గర నిలబడి చూడండి. సోయాసాసు, వెనిగరు, మిరియాలపొడి తర్వాత వంటాయన చెయ్యి ఒక పేరులేని డబ్బాలోకి వెళుతుంది. గరిటె కొసతో తెల్లటి సన్నటి పలుకులు కాసిని తీసి పెనంలో విసురుతాడు. అడిగితే "టేస్టింగ్ సాల్ట్" అంటాడు. కొంచెం పెద్దాయనైతే "అజినమోటో" అంటాడు. ఒక కంపెనీ పేరే సరుకు పేరైపోయింది. జపాను భాషలో ఆ మాటకు 'రుచికి మూలం' అని అర్థం.

దాని వెనక ఉన్న మనిషి కికునే ఇకెడా. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్ర ఆచార్యుడు. జర్మనీలోని లైప్‌జిగ్‌లో విల్హెల్మ్ ఆస్ట్‌వాల్డ్ దగ్గర పనిచేసి వచ్చినవాడు. జపానీయులు కొంబు అనే ఎండిన సముద్రపు నాచును నీళ్లలో నానబెట్టి, కాచి చారు తీస్తారు. వాళ్ల వంటకు అదే పునాది. పాశ్చాత్య శాస్త్రం అప్పటికి లెక్కపెట్టిన నాలుగు రుచుల్లో ఏదీ ఆ చారు రుచికి సరిపోలేదని ఇకెడాకు అనిపించింది. మన షడ్రుచుల్లోనూ దానికి చోటు లేదు. కానీ మన నాలుకకు తెలుసు. పండిన టమాటా, ఎండు రొయ్యలు కలిపి ఇగురు పెడితే వచ్చే ఆ లోతు అదే. టమాటాలో ఉండే గ్లుటామేట్, ఎండు రొయ్యల్లో ఉండే న్యూక్లియోటైడ్లు రెండూ కలిస్తే నాలుక మీద ఒకటీ ఒకటీ రెండు కాదు, అంతకు ఎన్నో రెట్లు. పాకెట్ల మీద సన్న అక్షరాల్లో గ్లుటామేట్ గుర్తయిన 621 పక్కన న్యూక్లియోటైడ్ల గుర్తులైన 627, 631 కనిపించేది అందుకే.

ఇకెడా 12 కిలోల కొంబును పట్టుకుని కూర్చుని, మరిగించి, వడగట్టి, పలుకు కట్టించి, చివరికి 30 గ్రాముల గ్లుటామిక్ ఆమ్లం తీశాడు. 1866లోనే కార్ల్ రిట్‌హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త గోధుమ జిగురు నుంచి తీసిన పదార్థమే అది. రుచి సంగతి మాత్రం అప్పుడెవరూ పట్టించుకోలేదు. ఇకెడా ఆ రుచికి 'ఉమామి' అని పేరు పెట్టి, దాని సోడియం లవణానికి 1908లో పేటెంటు తీసుకున్నాడు. తన దేశపు జనం తింటున్న తిండి బలహీనంగా ఉందనీ, చవకగా దొరికే రుచి ఉంటే సాదా తిండి కూడా ఇష్టంగా తింటారనీ ఆయన ఆలోచన. ఆ ఆరాటం నాకు ఇష్టం. నాచు నుంచి అయోడిన్ తీసే వ్యాపారం చేసే సబురోసుకె సుజుకీతో చేతులు కలిపాడు. 1909లో సీసాలు బజారుకొచ్చాయి.

నాచు నుంచి తీస్తే గిట్టుబాటు కాదు. అందుకని సుజుకీ గోధుమపిండిని కడిగి, గంజి వేరుచేసి, జిగురును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఉడికించాడు. ఆమ్లం ఇనుమును తినేస్తుంది కాబట్టి పెద్ద పెద్ద మట్టి జాడీలు వాడాల్సివచ్చింది. వెంట్రుకలకు ఈ రోజుకూ పడుతున్న గతే గోధుమ జిగురుకూ పట్టింది. గోధుమల తర్వాత సోయా వచ్చింది. దాదాపు 50 ఏళ్లు ప్రపంచానికి తెలిసిన దారి ఈ ఉడకబెట్టడమే.

ఈ రుచిపొడి చుట్టూ ఉన్న భయం గురించి ఒక్క మాట. 1968లో ఒక అమెరికన్ వైద్యపత్రికకు వచ్చిన చిన్న ఉత్తరం నుంచి 'చైనా హోటల్లో తింటే తలనొప్పి' అన్న ప్రచారం మొదలైంది. తర్వాత తింటున్నది ఏదో తెలియకుండా మనుషులకిచ్చి చూసిన పరీక్షల్లో, మామూలు మోతాదుల్లో ఆ ఫలితం నిలకడగా కనిపించలేదు. మన ఆహార నిబంధనలు 12 నెలల లోపు పిల్లలకు ఇది పనికిరాదని లేబుల్ మీద రాయమంటాయి. నా అభ్యంతరం వేరే ఉంది. నాసిరకం నూనెకూ, ముందురోజు అన్నానికీ రుచి పులమడానికి అదొక అడ్డదారి అయిపోయింది. సాదా తిండిని ఇష్టంగా తినిపించాలన్న ఇకెడా కోరికకు అది చాలా దూరం.

జూ మట్టిలో దొరికిన దుబారా జీవి

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాను ఆకలితో ఉంది. మాంసకృత్తులు దొరకడమే కష్టం, వాటిని ఆమ్లంలో కాచి రుచిపొడి చేయడం దుబారా. చక్కెర నుంచి, గంజి నుంచి, అమ్మోనియా నుంచి గ్లుటామేట్ చేసే సూక్ష్మజీవి ఏదైనా ఉందా అని క్యోవా హక్కో కంపెనీలో షుకువో కినోషితా, ఆయన సహచరులు వెతకడం మొదలుపెట్టారు.

నలుగురూ నవ్విపోయే ఆలోచన అది. బ్యాక్టీరియా ఎందుకు చేస్తుంది? ఏ జీవి అయినా తనకు కావలసినంత మేరకే అమైనో ఆమ్లం వండుకుంటుంది. సరిపడా కాగానే పొయ్యి దానంతటదే ఆరిపోతుంది. కష్టపడి చేసుకున్నదాన్ని వీధిలో పారబోసే పిచ్చి జీవి ఉంటుందా?

ఉందో లేదో తెలుసుకోవడానికి వాళ్లు వేసిన ఎత్తు ముచ్చటైనది. ఎక్కడెక్కడి మట్టో తెచ్చి పళ్లేల్లో వేసి, సూక్ష్మజీవుల గుంపుల్ని పెంచారు. తర్వాత అతినీలలోహిత కాంతితో వాటిని చంపేశారు. పైన మరో పొర పోశారు. ఆ పొరలో ఉన్న బ్యాక్టీరియాకు గ్లుటామేట్ బయటి నుంచి అందకపోతే ఎదుగుదలే లేదు. చచ్చిన గుంపుల్లో ఏదైనా బతికున్నప్పుడు గ్లుటామేట్ పారబోసి ఉంటే, దాని చుట్టూ మాత్రమే కొత్త బ్యాక్టీరియా తెల్లగా తెట్టు కడుతుంది. అలా 1956లో ఒక గుంపు దొరికింది. వాళ్ల జాబితాలో దాని నంబరు 534. టోక్యోలోని ఉయెనో జంతుప్రదర్శనశాల మట్టిలోంచి వచ్చిందది. ఇప్పుడు దాని పేరు కొరైనెబ్యాక్టీరియం గ్లుటామికం.

ఎందుకు పారబోస్తోంది? ఈ జీవి బయోటిన్ అనే విటమిన్‌ను సొంతంగా చేసుకోలేదు. బయోటిన్ అరకొరగా పెడితే దాని ఒంటిపొర సరిగా తయారుకాదు, లోపలి గ్లుటామేట్ ధారగా బయటికి వస్తుంది. తీరా కంపెనీలు చవకని చెరకు మొలాసిస్ పోస్తే ధార ఆగిపోయింది. మొలాసిస్‌లో బయోటిన్ పుష్కలం. కడుపు నిండిన జీవి తలుపేసుకుంది. దానికి విరుగుడుగా సరైన సమయంలో కాస్త పెన్సిలిన్ కలిపారు. పెన్సిలిన్ పైగోడను దెబ్బతీస్తుంది, మళ్లీ ధార మొదలు. దశాబ్దాల తరబడి ఇదంతా 'పొర చిల్లులు పడటం' అనే అనుకున్నారు. పొర మీద ఒత్తిడి పెరిగితే తెరుచుకునే ప్రత్యేకమైన ద్వారం ఒకటుందనీ, గ్లుటామేట్ వెళ్లేది దానిలోంచేననీ 2007లో గానీ బయటపడలేదు. పరిశ్రమ 50 ఏళ్ల పాటు లక్షల టన్నులు తీసుకున్న తర్వాత, ఆ తలుపు ఎక్కడుందో తెలిసింది!

రెండేళ్లకే, 1958లో, ఇదే జీవితో లైసిన్ చేయించారు. అదీ ఒక తాళం కథే. ఆ జీవిలో లైసిన్, థ్రియోనిన్ అనే రెండు అమైనో ఆమ్లాలు మొదట్లో ఒకే దారిన వస్తాయి. రెండూ నిండుగా ఉంటేనే దారికి తాళం పడుతుంది. థ్రియోనిన్ తయారీ చేతకాని మార్పుజీవిని ఎంచుకున్నారు. దానికి బతకడానికి సరిపడా మాత్రమే పైనుంచి పెట్టారు. రెండో తాళంచెవి ఎప్పటికీ అందదు కాబట్టి తలుపు తెరుచుకునే ఉంటుంది. లైసిన్ పొంగుతూనే ఉంటుంది. ఆ తర్వాత వచ్చిన జన్యుమార్పిడి విద్యలన్నీ ఈ తాళాలను ఇంకా నేర్పుగా విరగ్గొట్టడమే.

ఫ్యాక్టరీలో చూస్తే ఇదంతా ఇడ్లీపిండి పులియబెట్టడానికి పెద్దన్నలాంటిది. తేడా కొలతలోనూ క్రమశిక్షణలోనూ ఉంది. లక్షల లీటర్లు పట్టే స్టీలు ట్యాంకు. ముందు ఆవిరితో కాచి మరే క్రిమీ లేకుండా చేయాలి. చక్కెర ద్రావణం, అడుగు నుంచి గాలి, ఆగకుండా తిరిగే రెక్కలు. నత్రజని కోసం అమ్మోనియా వదులుతారు, పెరుగుతున్న పులుపును కూడా అదే విరుస్తుంది. రెండు రోజులు అటూ ఇటూగా లీటరుకు 100 గ్రాములకు పైగా గ్లుటామిక్ ఆమ్లం పోగవుతుంది. పొరపాటున ఫేజ్ అనే వైరస్ చొరబడిందా, ట్యాంకులోని బ్యాక్టీరియా మొత్తం గంటల్లో కరిగిపోతుంది. బాగా దిగితే, ద్రావణం పీహెచ్‌ను 3.2 దగ్గరికి దించుతారు. అక్కడ గ్లుటామిక్ ఆమ్లానికి నీళ్లలో నిలవడం ఇష్టముండదు, పలుకులై దిగిపోతుంది. దాన్ని సోడాతో కలిపి, బొగ్గుతో రంగు తీసి, మళ్లీ పలుకు కట్టిస్తే నూడుల్స్ బండి డబ్బాలోని పదార్థం తయారు. ప్రపంచంలో ఏటా 30 లక్షల టన్నులకు పైగా ఇలాగే తయారవుతోంది.

ఆమ్లపు కాగులు పోయాయి కాబట్టి దారి పరిశుభ్రమైపోయిందనుకుంటాం. పలుకులు తీసేశాక ట్యాంకులో మిగిలే నీళ్ల మాటేమిటి? చచ్చిన బ్యాక్టీరియా, లవణాలు, అమ్మోనియా నిండిన చిక్కటి నీళ్లవి. బుద్ధిగా వాడితే అది మంచి ఎరువు. బ్రెజిల్‌లో చెరకు తోటలకు పోస్తారు. వియత్నాంలో ఇంకోలా జరిగింది. తైవాన్‌కు చెందిన వెడాన్ కంపెనీ దొంగ పైపులు వేసి శుద్ధి చేయని నీళ్లను ఏళ్ల తరబడి థి వాయి నదిలోకి వదులుతోందని 2008 సెప్టెంబరులో అక్కడి పర్యావరణ పోలీసులు పట్టుకున్నారు. నదిలో చేప లేదు. ఒడ్డున చెరువులు పెట్టుకున్న రొయ్యల రైతులు మునిగిపోయారు. మూడు ప్రాంతాల రైతులు పట్టుబడితే 2010లో సుమారు 22 వేల కోట్ల డాంగ్‌ల పరిహారం ఇవ్వడానికి కంపెనీ ఒప్పుకుంది. భీమవరం, కైకలూరు వైపు చెరువుల మీద బతికే వాళ్లకు ఈ కథలో ఎవరూ విడమరచి చెప్పాల్సిన ముక్క లేదు.

కోడి పప్పన్నం

రుచిపొడి గొడవల్లో పడి అసలు పెద్ద వాడకాన్ని మనం చూడం. అది దాణా.

మన పెద్దవాళ్లు పప్పన్నం తినమన్నారు. బియ్యంలో లైసిన్ తక్కువ, పప్పులో ఎక్కువ. పప్పులో గంధకపు అమైనో ఆమ్లాలు తక్కువ, బియ్యంలో కొంచెం మెరుగు. ఒకదాని లోటు ఇంకొకటి తీరుస్తుంది. కోడికి పెట్టే మొక్కజొన్న, సోయాచెక్క కూడా అదే లెక్క. అది కోడి పప్పన్నం. కానీ ఆరు వారాల్లో రెండు కిలోలు దాటాల్సిన బ్రాయిలర్‌కూ, దాదాపు రోజుకో గుడ్డు పెట్టే లేయర్‌కూ ఆ పప్పన్నం చాలదు. ముందు తక్కువ పడేది మిథియోనిన్, తర్వాత లైసిన్. పందులకైతే మొదటి లోటు లైసిన్. తక్కువపడిన ఒక్కదాని కోసం మిగతావన్నీ ఎదురుచూస్తూ, చివరికి వాడుకోబడకుండా రెట్టలో పోతాయి. కోళ్లఫారంలో కళ్లు మండించే అమ్మోనియా ఘాటు అలా వృథా అయిన మాంసకృత్తులదే.

మేత లెక్కలు చూసేవాళ్లు చెప్పే కొలత ఒకటుంది. లైసిన్ వరకూ చూస్తే, 97 కిలోల మొక్కజొన్నకు 3 కిలోల లైసిన్ పొడి కలిపితే 100 కిలోల సోయాచెక్కకు సమానం. సోయా ధర ఎగిరినప్పుడల్లా ఆ 3 కిలోల విలువ తెలుస్తుంది. ఇలా లోటు ఉన్నవాటిని మాత్రమే నింపి, మేతలో మొత్తం మాంసకృత్తులను ఒక్క శాతం తగ్గిస్తే రెట్టలో పోయే నత్రజని ఎనిమిది నుంచి పది శాతం దాకా తగ్గుతుంది. గుడ్ల ఉత్పత్తిలో దేశానికే ముందుండే ఆంధ్రప్రదేశ్‌కూ, పక్కనే ఉన్న తెలంగాణకూ ఇది ఊరి గాలికీ బావి నీటికీ సంబంధించిన విషయం.

ఏటా 20 లక్షల టన్నులకు పైగా తయారయ్యే లైసిన్ మొత్తం బ్యాక్టీరియా పనే. మిథియోనిన్ మాత్రం చాలావరకు పెట్రోలియం బిడ్డ. ప్రొపిలీన్ నుంచి వచ్చే ఆక్రొలీన్, కుళ్లిన క్యాబేజీ కంపు కొట్టే మిథైల్ మెర్కాప్టాన్, ప్రాణాంతకమైన హైడ్రోజన్ సయనైడ్. ఈ మూడింటినీ పేర్చి చేస్తారు. వినడానికి ఒళ్లు జలదరిస్తుంది. తయారైనది మాత్రం కోడి ఎదగడానికి కావలసిన పోషకం.

ఇక్కడ వాటం సంగతి చెప్పాలి. అమైనో ఆమ్లాలకు కుడి ఎడమలున్నాయి, చెప్పుల జతలాగా. జీవులు మాంసకృత్తుల్లో వాడేది ఎడమవాటం ఒక్కటే. బ్యాక్టీరియా చేసేదీ అదే. రసాయనాలతో చేస్తే కుడీ ఎడమా సగం సగం కలిసి వస్తాయి. కుడివి పక్కకు తీయడానికి బోలెడు ఖర్చు. జపాన్‌లోని తనాబె కంపెనీలో ఇచిరో చిబాటా బృందం 1969లో ఎంజైమును ఒక గట్టి పదార్థానికి కట్టేసి, దాని మీదుగా ద్రావణం పారిస్తూ ఈ ఏరివేతను ఆగకుండా సాగించింది. కట్టేసిన ఎంజైములతో జరిగిన మొదటి పారిశ్రామిక ఉత్పత్తి అదే. మిథియోనిన్‌కు ఆ బాధ లేదు. కోడి కాలేయం, మూత్రపిండాలు కుడివాటాన్ని ఎడమవాటంగా మార్చుకుంటాయి. అందుకే సగం సగం సరుకునే దాణాలో కలిపేస్తారు. కోడి ఒంట్లోని ఆ చిన్న వెసులుబాటు మీద ఏటా పది లక్షల టన్నులకు పైబడిన వ్యాపారం నిలబడి ఉంది.

లైసిన్ ధర వెనక గదులు

ఇంత డబ్బున్న చోట మనుషులు ఊరుకుంటారా? 1991లో అమెరికాలోని డెకేటర్‌లో ఆర్చర్ డేనియల్స్ మిడ్‌ల్యాండ్ కంపెనీ లైసిన్ ఫ్యాక్టరీ తెరిచింది. సరుకు వెల్లువై ధర పడిపోయింది. 1992 నుంచి ఆ కంపెనీ, జపానుకు చెందిన రెండు, కొరియాకు చెందిన రెండు కంపెనీలు హోటల్ గదుల్లో కూర్చుని ఎవరు ఎంత అమ్మాలో, ఎంతకు అమ్మాలో పంచుకున్నాయి. సమావేశాలు బయటికి సవ్యంగా కనిపించడానికి ఉత్పత్తిదారుల సంఘం అని పేరు కూడా పెట్టుకున్నాయి. వాళ్లలోనే ఒకడైన మార్క్ విటాకర్ ఎఫ్‌బీఐకి టేపులు అందించాడు. పోటీదారులు మనవాళ్లు, కొనేవాళ్లే మన శత్రువులు అన్న అర్థం వచ్చే మాటలు వాటిలో ఉన్నాయి. 1996లో కంపెనీ నేరం ఒప్పుకుని 10 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది. లైసిన్‌కు 7 కోట్లు, సిట్రిక్ ఆమ్లానికి 3 కోట్లు. తర్వాత ముగ్గురు అధికారులకు జైలుశిక్ష పడింది, టేపులిచ్చిన విటాకర్ కూడా కంపెనీ సొమ్ము కాజేసిన నేరంతో కలిపి వాళ్లలో ఒకడు. ఈ కథ మీద మ్యాట్ డేమన్‌తో 2009లో సినిమా తీశారు. కుమ్మక్కు సాగినన్నాళ్లూ మేతలో పెరిగిన ప్రతి పైసా మోసింది పందుల్నీ కోళ్లనీ పెంచుకునే రైతులు.

ఈ పరిశ్రమ చరిత్రలో నన్ను అన్నిటికన్నా కలవరపెట్టేది మాత్రం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం కథ. నిద్ర పట్టడానికీ, దిగులు తగ్గడానికీ అమెరికాలో ట్రిప్టోఫాన్‌ను మందుల షాపుల్లో చీటీ లేకుండానే కొనుక్కునేవారు. 1989 శరదృతువులో న్యూమెక్సికోలో కొందరు భరించలేని కండరాల నొప్పితో, రక్తంలో ఇయోసినోఫిల్స్ అనే తెల్లకణాలు విపరీతంగా పెరిగి ఆసుపత్రులకు వచ్చారు. అందరూ ట్రిప్టోఫాన్ వాడినవాళ్లే. దేశమంతా లెక్క తేలేసరికి 1,500 మందికి పైగా జబ్బుపడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. ఆనవాళ్లు పట్టుకుని వెళితే జపానుకు చెందిన షోవా డెంకో అనే ఒక్క కంపెనీ దగ్గర తేలింది. అది అప్పుడే జన్యుమార్పిడి చేసిన కొత్త బ్యాక్టీరియాకు మారింది, శుద్ధికి వాడే బొగ్గుపొడిని తగ్గించింది. సరుకు ప్రమాణం ప్రకారం శుద్ధమైనదే, 98.5 శాతం దాటినదే. లోపల అణువంత పరిమాణంలో ఉన్న కల్తీ పదార్థాలే కొంప ముంచాయి. తప్పు కొత్త బ్యాక్టీరియాదా, తగ్గించిన బొగ్గుదా అన్న వాదన నిపుణుల మధ్య చాలా ఏళ్లు సాగింది. నాకైతే ఆ బొగ్గు సంచులే కళ్లముందు మెదులుతాయి.

సీసా మీద పేర్లు

హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్‌డ్రగ్ ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకు ఈ అమైనో ఆమ్లాల పేర్లు కొత్తవి కావు. రక్తపోటుకు వాడే వాల్‌సార్టాన్ తయారీ వాలిన్‌తో మొదలవుతుంది. అమ్మోరు, నరాల పొక్కులకు వాడే వాలసైక్లొవిర్‌లో ఒక వాలిన్ అతికి ఉంటుంది. లిసినోప్రిల్‌లో లైసిన్, ప్రోలిన్ రెండూ ఉన్నాయి. వాటం తప్పితే మందు పనిచేయదు కాబట్టి, పుట్టుకతోనే ఎడమవాటంగా వచ్చే అమైనో ఆమ్లాలు వీళ్లకు వరం. పార్కిన్సన్స్‌కు ఇచ్చే లీవోడోపా కూడా అమైనో ఆమ్లమే. మన చేల గట్ల మీద ఒంటికి తగిలితే దురద పుట్టించే దూలగొండి గింజల్లో అది సహజంగా ఉంటుంది. అమెరికాలోని మోన్‌శాంటోలో విలియం నోల్స్ దాన్ని ఒక్క వాటంలోనే తయారుచేసే దారి కనిపెట్టి 2001లో నోబెల్ అందుకున్నాడు. తీపి బిళ్లల్లోని ఆస్పర్టేమ్ అయితే రెండు అమైనో ఆమ్లాల జత. 1965లో జేమ్స్ ష్లాటర్ కాగితం తీయబోతూ వేలు నాకినప్పుడు బయటపడింది. అందులో ఫినైల్‌అలనిన్ ఉంటుంది కాబట్టే, దాన్ని అరిగించుకోలేని పుట్టుకలోపం ఉన్న పిల్లలకు పెట్టవద్దని పాకెట్ మీద హెచ్చరిక రాస్తారు.

మా నాన్నకు పేగు ఆపరేషన్ అయినప్పుడు పది రోజులు నోటితో ఏమీ పెట్టవద్దన్నారు. మంచం పక్కన స్టాండుకు ఒక సీసా వేలాడదీశారు. మామూలు సెలైన్ కాదది, కాంతి తగలకుండా సంచి తొడిగారు. నోరు వాడలేని మనిషికి నేరుగా రక్తంలోకి అన్నం పెట్టవచ్చని 1960ల చివర్లో స్టాన్లీ డడ్రిక్ అనే అమెరికన్ సర్జన్ ముందు కుక్కపిల్లల మీద, తర్వాత మనుషుల మీద నిరూపించాడని నాకు అప్పటికి తెలియదు. రాత్రి పూట నిద్ర రాక, సంచి కాస్త తొలగించి లేబుల్ చదివాను. లైసిన్, వాలిన్, మిథియోనిన్, ట్రిప్టోఫాన్. లీటరుకు ఎన్ని గ్రాములో ఒక్కొక్కదాని ఎదురుగా అంకె. కింద నుంచి మూడో వరసలో సిస్టీన్ ఉంది. ఎంత ఉందో రాసి ఉంది, ఎక్కడి నుంచి వచ్చిందో లేదు. చక్కెర తిన్న బ్యాక్టీరియాదో, బాతు ఈకలదో, ఏ ఊళ్లోనో ఒక ముసలమ్మ చూరులో దోపుకున్న ఉండదో. చుక్క చుక్కగా అది నాన్న చేతిలోకి దిగుతుంటే తెల్లవారే దాకా చూస్తూ కూర్చున్నాను.